బందరులో ఇంగ్లీషు బడిపంతులు: నోబుల్ దొరగారి జీవితము

ధ్యాన భాగములు: అపొస్తలుల కార్యములు 19:8–10, యాకోబు 2:1–4

అపొస్తలుడైన పౌలు ఎఫెసు పట్టణములో ఉన్న దినములలో మొదట మూడు నెలలు సమాజమందిరములో ప్రసంగించెను. అక్కడివారు మనస్సు కఠినపరచుకొని ఎదురాడినప్పుడు, అతడు ఊరు విడిచి పోలేదు. శిష్యులను వెంటబెట్టుకొని తురన్ను అనువాని పాఠశాలకు పోయి, రెండు సంవత్సరములు ప్రతిదినము అక్కడనే కూర్చుండి బోధించెను. మన సంఘములలో ఈ అధ్యాయము చదువునప్పుడు స్కెవ కుమారుల సంగతియు, మంత్రపు పుస్తకములు తగులబెట్టిన సంగతియు అందరికి జ్ఞాపకముండును. బడి సంగతి మాత్రము చెవిని పడకుండ జారిపోవును. ఒక పంతులు ప్రతిదినము అదే గదికి వచ్చి, అదే పాఠము చెప్పుటలో చూచువారికి వింత ఏమి కనబడును?

అయినను మన తెలుగు దేశములో అటువంటి గదిలోనే 22 సంవత్సరములు గడిపిన సేవకుడొకడు ఉండెను. ఆయన పేరు రాబర్టు టర్లింగ్టన్ నోబుల్. బందరులో నోబుల్ కాలేజీ పేరు వినని చదువరులు కొద్దిమందియే ఉందురు. కాలేజీ పేరు తెలిసినంతగా మనిషి సంగతి తెలియదు కనుక ఈ నెల ఆయన జీవితమును వ్రాయుచున్నాము.

నోబుల్ 1809లో ఇంగ్లాండు దేశములోని లెస్టర్‌షైరులో పుట్టెను. తండ్రి పాదిరి. కేంబ్రిడ్జిలోని సిడ్నీ ససెక్సు కాలేజీలో చదివెను. ఆ కాలమున బందరు ప్రాంతమున ఉద్యోగములు చేయుచున్న కొందరు భక్తిగల ఇంగ్లీషువారు తెలుగువారి మధ్య చర్చి మిషనరీ సంఘము పని ఆరంభించవలెనని కోరి, తామే డబ్బు పోగుచేసి పంపిరి. వారు ముఖ్యముగా కోరినది చదువుకొన్న హిందువుల బిడ్డలకు ఒక బడి. ఆ పనికి నోబుల్ ఒప్పుకొనెను. అప్పటికి ఆయనకు 30 ఏండ్లు దాటినవి. కొత్త దేశము, కొత్త భాష ఆరంభించుటకు అది చిన్న వయస్సు కాదు.

1841లో ఆయనతోకూడ ఓడ ఎక్కినవాడు హెన్రీ వాట్సన్ ఫాక్సు. ఫాక్సు వయస్సు 23 ఏండ్లు. రగ్బీ బడిలోను ఆక్స్‌ఫర్డులోను చదివిన యువకుడు. ఇద్దరును ఒకే పట్టణమునకు వచ్చిరి గాని పని వేరువేరుగా పంచుకొనిరి. ఫాక్సు ఊరూరు తిరిగి తెలుగులో సువార్త ప్రకటించవలెను. నోబుల్ ఒకచోట కూర్చుండి బడి నడపవలెను. ఫాక్సు భార్య 1845లో చనిపోయెను. ఆయన ఆరోగ్యము కూడ చెడి, స్వదేశమునకు పోయి 1848లో మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 31 మాత్రమే. ఆయన చదివిన రగ్బీ బడివారు ఆయన జ్ఞాపకార్థము బందరు బడిలో ఒక ఉపాధ్యాయుని ఉద్యోగమునకు ఖర్చు భరించిరి. వీధులలో బోధించినవాని జ్ఞాపకము చివరకు బడిలోనే నిలిచినది.

బందరు చేరిన వెంటనే నోబుల్ బడి తెరువలేదు. రెండేండ్లు తెలుగు నేర్చుకొనెను. ఇది గమనింపవలసిన సంగతి. ఇంగ్లీషు చెప్పుటకు వచ్చినవానికి తెలుగు ఎందుకని కొందరు అనుకొందురు. పిల్లవాని నోట ఏ మాట ఉన్నదో ఎరుగనివాడు వాని నోట మరియొక మాట ఎట్లు పెట్టగలడు? తెలుగు మాట అచ్చుతో ముగియుటకు అలవాటు పడినది. అందువలన మన పిల్లవాడు ఇంగ్లీషు మాటకు తోకగా ఒక ఉకారము తగిలించి బుక్కు, డెస్కు అనును. మాట మొదట సకారముతో మరియొక హల్లు కలిసి వచ్చినయెడల ముందు ఒక ఇకారము చేర్చి ఇస్కూలు అనును. అది పిల్లవాని తెలివితక్కువ కాదు, తల్లిభాష చేయు పని. తెలుగు నేర్చిన పంతులు ఆ సంగతి గ్రహించును. నేర్వనివాడు బెత్తము తీయును.

1843 నవంబరు 21న బడి తెరచిరి. వచ్చిన పిల్లలు ఇద్దరు.

ఆ ఇద్దరైనను ఎందుకు వచ్చిరో దాచనేల? సువార్త కొరకు రాలేదు. కంపెనీవారి కచేరీలలో ఇంగ్లీషు వచ్చినవానికి గుమాస్తా పని దొరకును, పైకి పోయినయెడల తహసీలుదారు పని దొరకును. 1835లో ప్రభుత్వము ఇంగ్లీషు చదువునకు సొమ్ము కేటాయించవలెనని తీర్మానించెను. 1844లో గవర్నరు జనరలు హార్డింజి ఇంగ్లీషు చదివినవారికే ఉద్యోగములలో ముందుచోటు అని ప్రకటించెను. అంతకుముందే కలకత్తాలో అలెగ్జాండరు డఫ్ 1830లోను, మద్రాసులో జాన్ ఆండర్సన్ 1837లోను ఇంగ్లీషు బడులు తెరచియుండిరి. ఉద్యోగము కావలసిన తండ్రి కొడుకును బడికి పంపును. బడిలో బైబిలు ఉన్నదని తెలిసియే పంపును. అది తలనొప్పి వంటిదని, ఓర్చుకొనినయెడల తగ్గునని అనుకొనును. నోబుల్ ఆ సంగతి ఎరుగును. ఆయన బైబిలును దాచిపెట్టి పిల్లలను పిలువలేదు. ప్రతిదినము వాక్యపాఠము ఉండునని ముందే చెప్పి బడి నడిపెను.

మొదటి ఎనిమిది తొమ్మిది సంవత్సరములు బాప్తిస్మము అన్నది లేదు. ఊరి బోధకుడు సంవత్సరము చివర పంపు లెక్కలో ఇన్ని బాప్తిస్మములు అని వ్రాయును గదా. అటువంటి కాగితములో నోబుల్ ఏమి వ్రాయగలడు? పిల్లలు ఇంతమంది, పాఠములు ఇంతవరకు అని తప్ప మరేమియు లేదు. ఆయన పెండ్లి చేసికొనలేదు. స్వదేశమునకు ఒక్కసారియైనను తిరిగి పోలేదు. ఎండకాలమున కొండలకు పోవుట దొరలలో వాడుక. బందరులో ఉప్పుగాలియు, చిత్తడినేలయు, జ్వరములును ఉండెడివి. అక్కడనే ఉండెను. మేము ఆయనను దేవదూతగా చిత్రించదలచలేదు. ఆయన కఠినమైన క్రమము గలవాడు, పట్టుదల గలవాడు. తాను ఒకసారి సరియని తలచినదానిని మార్చుకొనుట ఆయనకు కష్టము. ఆ పట్టుదల వలన మేలును కలిగినది, మనకు బాధ కలిగించు సంగతియు ఒకటి కలిగినది. రెండును చెప్పెదము.

1852లో ఇద్దరు విద్యార్థులు క్రీస్తును ఒప్పుకొనుటకు నిశ్చయించుకొనిరి. ఒకరు మంచాల రత్నము, బ్రాహ్మణుడు. రెండవవారు ఐనాల భూషణము, వెలమ. వారు ఇండ్లు విడిచి నోబుల్ ఇంటికి వచ్చిరి. పట్టణము గగ్గోలైనది. బంధువులు ఇంటిని ముట్టడించిరి. తల్లులు ఏడ్చిరి. ఈ భాగము చదువునప్పుడు మనము త్వరపడి పట్టణస్థులను నిందించరాదు. ఆ కాలమున కొడుకు బాప్తిస్మము పొందుట అనగా ఆ ఇంటికి కొడుకు చచ్చుటయే; తలకొరివి పెట్టువాడు పోయినట్లే. ఆ తల్లి ఏడుపు నిజమైన ఏడుపు. వ్యవహారము అధికారుల వరకు పోయెను. యువకులు తాము బుద్ధిపూర్వకముగా వచ్చితిమని నిలువబడిరి. బాప్తిస్మము జరిగెను.

మరునాటికి బడి ఖాళీ.

తొమ్మిదేండ్ల పని ఒక్క వారములో బోర్లపడినట్లుండెను. బల్లలు ఉన్నవి, పలకలు ఉన్నవి, పిల్లలు లేరు. లోకరీతిగా లెక్క వేసినయెడల ఇద్దరి కొరకు ఇన్ని పదులమందిని పోగొట్టుకొనుట నష్టమే. నోబుల్ బడి మూయలేదు. ఇకమీదట ఎవరికిని బాప్తిస్మము ఈయనని మాట ఇచ్చి పిల్లలను తిరిగి రప్పించుకొనలేదు. మెల్లగా ఒకరొకరుగా పిల్లలు తిరిగి వచ్చిరి. ఉద్యోగములు ఇంకను ఇంగ్లీషు వచ్చినవారికే దొరకుచుండెను గదా! 1855లో జాని అలీ అను ముసల్మాను యువకుడు బాప్తిస్మము పొందెను. ఆ తరువాత మరి కొందరు. ప్రతిసారియు బడి కొంత తరుగును, మరల నిండును.

ఇప్పుడు ఆ రెండవ సంగతి. నోబుల్ బడిలో మాల మాదిగ పిల్లలకు చోటు లేదు. పాకీవారి పిల్లలకు, చెప్పులు కుట్టువారి పిల్లలకు చోటు లేదు. పై కులములవారిని, ముసల్మానులను మాత్రమే చేర్చుకొనిరి. ఇది అనుకోకుండ జరిగినది కాదు, ఆయన నియమము. దీనిని గూర్చి తోటి మిషనరీలలోను, స్వదేశములోను వాదములు జరిగినవి. ఆయన ఆలోచన ఇట్లుండెను: క్రీస్తును ఎరుగనివానిని మొదటనే కులము విడువుమని అడుగుట, ఫలము రాకముందే చెట్టును కోసికొనమనుట వంటిది, ముందు ప్రభువును ఎరుగనీయుడి, తరువాత కులము తానే రాలును. నిజముగా ఆయనయొద్ద బాప్తిస్మము పొందినవారు కులమును విడిచిపెట్టిరి. బ్రాహ్మణుడుగా పుట్టినవాడు, వెలమగా పుట్టినవాడు ఒకే ప్రభువు బల్ల యొద్దకు వచ్చిరి.

ఆయన ఆలోచనలో కొంత బుద్ధి ఉన్నదని ఒప్పుకొందుము. అయినను మా మనస్సు అక్కడ సమాధానపడదు. యాకోబు పత్రిక రెండవ అధ్యాయములో బంగారు ఉంగరము పెట్టుకొని వచ్చినవానికి మంచి చోటు చూపి, మురికి బట్టలవానిని నిలువబెట్టిన సంఘమును గూర్చి చదువుచున్నాము. అక్కడ నిలువబెట్టియైనను ఉంచిరి. ఇక్కడ గడప దాటనీయలేదు. మన సంఘములలో నేడు కూర్చున్న అనేకుల తాతముత్తాతలు ఆ గడప బయటివారే. నోబుల్ గొప్పవాడని చెప్పుట వలన ఈ సంగతి చిన్నది కాదు; ఈ సంగతి వలన ఆయన ప్రాణమును ధారపోసిన పని అబద్ధమును కాదు. రెండింటిని ఒకే చేతితో పట్టుకొనుట కష్టమే. పెద్దలనుగూర్చి మాటలాడునప్పుడు మన ప్రసంగములలో ఒకదానిని జారవిడుచుట అలవాటు.

దేవుడు అదే దినములలో వేరొక తలుపు తెరచెను. కృష్ణానది ఒడ్డున రాఘవాపురములో పగోలు వెంకయ్య అను మాల పెద్ద ఉండెను. ఆయన కథ మన పల్లెలలో ముసలివారు నేటికిని చెప్పుకొందురు. దోపిడీలు చేయు గుంపునకు నాయకుడై ఉండి, విగ్రహములయందు నమ్మకము పోయి, నిజమైన దేవుడెవరో తెలిసికొనవలెనని వెదకుచుండెను. ఆయన వద్దకు ఇంగ్లీషు బడి పోలేదు. ఏ కాలేజీయు పోలేదు. 1859లో ఆయనే బెజవాడలోని డార్లింగు దొరగారిని వెదకికొని వచ్చెను. అక్కడినుండి మాలపల్లెలలో పుట్టిన వెలుగు ఊరినుండి ఊరికి పాకెను. తరువాతి కాలమున ఖమ్మంమెట్టు ప్రాంతమునకు కూడ చర్చి మిషన్ పని వ్యాపించెను. ఒకవైపు నోబుల్ బ్రాహ్మణ బాలుర కొరకు 16 సంవత్సరములుగా తలుపు దగ్గర కాచుకొని ఉండగా, మరియొకవైపు ఎవరును కాచుకొననివారు తామే వచ్చి తలుపు తట్టిరి.

అయినను ఆ పల్లెలకు పాదిరులు కావలెను. చదువనేర్చినవారు, వాక్యమును తెలుగులో విడమరచి చెప్పగలవారు కావలెను. 1864లో రత్నము, భూషణము డీకన్లుగా అభిషేకము పొందిరి. నోబుల్ తన కండ్లతో అది చూచెను. చర్చి మిషన్ తెలుగు సంఘములలో మాల కుటుంబములే అధికసంఖ్యగా చేరిన కాలములో, ఆ సంఘములకు సేవచేయు గురువులలో బ్రాహ్మణులుగాను వెలమలుగాను పుట్టినవారు ఉండిరి. నోబుల్ గడప బయట ఉంచిన జనమునకు నోబుల్ శిష్యులు పరిచారకులైరి. ఆయన వేసిన లెక్కలో ఇది ఉండెనో లేదో గాని, దేవుని లెక్కలో ఉండెనని మేము నమ్ముచున్నాము.

అదే సంవత్సరము నవంబరు 1వ తేది రాత్రి బందరుమీదికి పెనుతుపాను వచ్చెను. సముద్రము పొంగి మైళ్లకొలది లోపలికి దొర్లెను. ఆ ప్రాంతమున సుమారు 30,000 మంది చచ్చిరని లెక్క. తెల్లవారునప్పటికి ఊరిలో ఇండ్ల స్థానమున బురదయు శవములును ఉండెను. షార్కీ దంపతులు నడిపిన ఆడపిల్లల వసతి బడిలో అనేకమంది బాలికలు నీటిపాలైరి. మన గోదావరి ఒడ్డువారికి వరద అనగానేమో చెప్పనక్కరలేదు. అయితే నది వరద మెట్టుమెట్టుగా ఎక్కును, మనుష్యునికి గుట్టకు పోవు వ్యవధి ఇచ్చును. సముద్రపు ఉప్పెన ఆ వ్యవధి ఈయలేదు.

నోబుల్ ఆ రాత్రి బ్రతికెను. అయితే ఆయన శరీరము అప్పటికే అలసియుండెను. ఉప్పెన వచ్చి సంవత్సరము నిండకముందే, 1865 అక్టోబరు 17న, బందరులోనే కన్ను మూసెను. వయస్సు 56 ఏండ్లు. దేశము విడిచి 24 సంవత్సరములైనది.

ఆయన శిష్యులలో జాని అలీ తరువాత కేంబ్రిడ్జికి పోయి చదివి, తిరిగి వచ్చి ముసల్మానుల మధ్య చర్చి మిషనరీగా పనిచేసెను. బడి పెరిగి కాలేజీయై నోబుల్ పేరు ధరించెను. రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు అక్కడ ఇంగ్లీషు బోధించిరి. ఆయన క్రైస్తవుడు కాదు, బ్రహ్మసమాజమువాడు. తరువాత కాకినాడ పిఠాపురము రాజావారి కాలేజీకి ప్రిన్సిపాలై, మద్రాసు విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరై, అంటరానివారని పిలువబడిన పిల్లలకు కాకినాడలో వసతి గృహము నడిపెను. నోబుల్ చేర్చుకొననివారిని, నోబుల్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన ఈయన తన బిడ్డలవలె చూచుకొనెను. దీనిని గూర్చి సంఘస్థులు సిగ్గుపడవలెనో సంతోషింపవలెనో మాకు తేల్చుకొనుట కష్టముగా ఉన్నది.

ఇక మన సరిహద్దు సంగతి. నోబుల్ బందరులో తన చివరి సంవత్సరములు గడుపుచున్నప్పుడు, మన దుమ్ముగూడెములో గోదావరి మీద ఆనకట్ట, లాకులు కట్టుచుండిరి. పడవలు పై గోదావరికి పోవుటకు మార్గము చేయవలెనని ప్రభుత్వపు ఉద్దేశము. భద్రాచలము తాలూకా 1860లోనే నైజాము నుండి ఇంగ్లీషువారి చేతికి వచ్చినది. ఆ పనిలో ఉన్న ఇంజనీరు హేగు దొరగారు పనివారిని, చుట్టుపట్ల కోయలను చూచి, వారికి సువార్త చెప్పువారు లేరని చర్చి మిషనరీ సంఘమునకు వ్రాసెను. ఆయన యొద్ద పనిచేయుచు క్రీస్తును ఎరిగిన వెంకటరామరాజుగారు ఉద్యోగము విడిచి 1860 తరువాతి సంవత్సరములలో కోయల మధ్య బోధకుడాయెను. నదీమార్గపు పని 1871లో ప్రభుత్వము నిలిపివేసినది. కట్టిన రాళ్లు నేటికిని ఉన్నవి. ఆ పని ఆగినను బోధకుని పని ఆగలేదు. తరువాత జాన్ కేన్ దొరగారు వచ్చి అనేక సంవత్సరములు దుమ్ముగూడెములో ఉండెను. ఆయన భద్రాచలము, రేకపల్లి తాలూకాలను గూర్చి, కోయల వాడుకలను వారి మాటలను గూర్చి ఇండియన్ ఆంటిక్వెరీ అను పత్రికలో వ్రాసెను. ఆ రేకపల్లి 2014 నుండి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది. దుమ్ముగూడెము 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నది.

బందరు బాలునికి ఇంగ్లీషు ఎట్లో, దుమ్ముగూడెపు కోయ బాలునికి తెలుగు అట్లే పరభాష. ఈ సంగతి మన బడులు చాల ఆలస్యముగా గుర్తించినవి. ఇంటిలో తల్లితో ఒక మాట, బడిలో పంతులతో మరియొక మాట. పంతులు అడిగినది అర్థము కాక పిల్లవాడు నేలచూపు చూచును. వీనికి చదువు రాదని పంతులు వ్రాసికొనును. రెండు మూడేండ్లలో పిల్లవాడు పశువులను కాయుటకు పోవును. 2004 ప్రాంతమున అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కోయ మొదలగు కొన్ని గిరిజన భాషలలో, తెలుగు లిపితో, మొదటి తరగతుల వాచకములు చేయించినది. మంచి పని. ఇప్పుడు ప్రతి ఊరిలోను ఇంగ్లీషు మీడియము కావలెనని తండ్రులు కోరుచున్నారు. ఆ కోరికను మేము తప్పుపట్టము. 1843లో బందరు తండ్రులు కోరినదియు అదే, మన తాతలకు దొరకనిదియు అదే. అయితే కోయ పిల్లవానికి అది మూడవ భాష. వానికి చెప్పు పంతులు వాని భాష ఎంత నేర్చుకొనెనో అని మాత్రము అడుగుచున్నాము.

మన సంఘములలో సండే స్కూలు నడుపు అక్కలు, అన్నలు ఈ విషయములో బడి పంతుళ్లకంటె ముందున్నారు. అడవి పల్లెలలో కొన్నిచోట్ల వారు కథ మొదట కోయలో చెప్పి, పాట తెలుగులో నేర్పి, వచనము పలకమీద వ్రాయించుచున్నారు. ఆదివారము సాయంకాలము ఆరాధన ముగిసిన తరువాత దీపము ఉన్నంతసేపు కొందరు పిల్లలకు ఇంగ్లీషు అక్షరములు కూడ చెప్పుచున్నారని వినుచున్నాము. వారి పిల్లలు ఎందరో, వారు ఏ కులమువారో, ఏ గూడెమువారో ఎవరును అడుగుట లేదు.